కారు ముందు చక్రాల క్యాంబర్, అంటే చక్రం నిలువు నుంచి లోపలికో బయటికో వాలిన కోణం, ఇంట్లోనే చూసుకోవచ్చా?

చూసుకోవచ్చు. దారం, దాని కొసకు బరువైన నట్టు చాలు. సమంగా ఉన్న నేల మీద బండి ఆపి, టైర్లలో గాలి సరిచూసి, స్టీరింగ్ నేరుగా పెట్టండి. దారాన్ని చక్రం మధ్యగా వేలాడదీయండి. టైరు కింద ఉబ్బుగా ఉంటుంది, దానికి తగలకూడదు. రిమ్ము పై అంచు నుంచి, కింది అంచు నుంచి దారం దాకా కొలవండి. 14 అంగుళాల రిమ్ముకు 6-7 మిల్లీమీటర్ల తేడా ఉంటే సుమారు 1 డిగ్రీ. పైభాగం లోపలికి వాలితే నెగెటివ్.

సరిచేయడమే తంటా. చిన్న కార్లలో చాలావాటికి స్ట్రట్ (చక్రాన్ని పట్టి ఉంచే షాక్ అబ్జార్బర్ కడ్డీ) కింది రెండు బోల్టులు వదులు చేస్తే, రంధ్రాల్లో ఉన్న సందు మేరకే చక్రం కదులుతుంది. గుంతలో పడ్డాక ఒకవైపే తేడా వస్తే, నేనైతే ముందు స్ట్రట్ వంగిందేమో చూస్తాను. క్యాంబర్ కదిపితే టో (పైనుంచి చూస్తే చక్రాల ముందు అంచులు లోపలికో బయటికో తిరిగి ఉండటం) కూడా మారుతుంది, తర్వాత అలైన్‌మెంట్ చేయించాల్సిందే.