24 గంటలైనా సోలో ఇవ్వలేదు.. మా అమ్మాయి వెనకబడినట్టేనా?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ ఎంపీసీ అయ్యాక మహారాష్ట్రలోని ఓ ఫ్లయింగ్ స్కూల్లో సీపీఎల్ (కమర్షియల్ పైలట్ లైసెన్స్) కోర్సులో చేరింది. సెస్నా 172 అనే చిన్న శిక్షణ విమానం మీద 24 గంటలు ఎగిరింది. బ్యాచ్‌లో ఇద్దరు 17, 18 గంటలకే సోలో (ఇన్‌స్ట్రక్టర్ లేకుండా ఒంటరిగా ఎగరడం) చేసేశారు. తనకి ఇంకా ఇవ్వలేదు. గంటకు పది వేలు దాటుతున్న ఖర్చు. ఇన్‌స్ట్రక్టర్‌తో మాట్లాడి తొందరపెట్టమంటారా? - ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: మీ భయంలో సగం డబ్బుదే కాబట్టి ముందు ఆ లెక్క చూద్దాం. సీపీఎల్‌కు డీజీసీఏ (పౌర విమానయాన నియంత్రణ సంస్థ) అడిగేది మొత్తం 200 గంటలు. అందులో 100 గంటలు పైలట్ ఇన్ కమాండ్‌గా, అంటే విమానం బాధ్యత తానే తీసుకుని, ఎగరాలి. మిగతా వందలో ఇన్‌స్ట్రక్టర్ పక్కన కూర్చుని నేర్పేవి ఇమిడిపోతాయి. అంటే మీ అమ్మాయి ఎగిరిన 24 గంటలూ ఆ 200లో జమ అయినవే. సోలో 17కి వచ్చినా 26కి వచ్చినా కోర్సు ఖర్చు మారదు. కానీ సోలోకు ముందే డ్యూయల్ (ఇన్‌స్ట్రక్టర్‌తో కలిసి ఎగిరే) గంటలు 40 దాటితే ఇబ్బంది మొదలవుతుంది. నైట్, ఇన్‌స్ట్రుమెంట్ (పరికరాలు చూసి నడపడం), క్రాస్ కంట్రీ (దూర ప్రయాణం) శిక్షణకు కావలసిన డ్యూయల్ గంటలు తరుగుతాయి, అదనంగా కొనాల్సి వస్తుంది. మీరింకా అక్కడికి రాలేదు. చాలామందికి సోలో 15 నుంచి 25 గంటల మధ్యే వస్తుంది.

ఇన్‌స్ట్రక్టర్‌ను తొందర మాత్రం పెట్టకండి. పిల్ల ఒంటరిగా ఎగరొచ్చని సంతకం పెట్టే మనిషి ఆయన. తల్లిదండ్రుల ఫోన్‌కు మెత్తబడి సంతకం పెట్టే ఇన్‌స్ట్రక్టర్ దగ్గర మీ అమ్మాయి ఉండటం మీకే మంచిది కాదు.

ఆయన దేనికోసం ఎదురుచూస్తున్నాడో తెలిస్తే మీ ఆందోళన సగం తగ్గుతుంది. సోలో అంటే ఒక్క సర్క్యూట్: టేకాఫ్, ఎడమకు తిరిగి, వెయ్యి అడుగుల ఎత్తులో రన్‌వేకు సమాంతరంగా వెళ్లి, మళ్లీ తిరిగి దిగడం. మొత్తం ఏడెనిమిది నిమిషాల పని. అయితే పక్క సీటు ఖాళీ కాగానే విమానం బరువు ఆరేడు శాతం తగ్గుతుంది. రోజూ ఎక్కే దానికన్నా చురుగ్గా ఎక్కుతుంది, అలవాటైన చోటుకు రాకముందే వెయ్యి అడుగులు వచ్చేస్తాయి. దిగేటప్పుడు రన్‌వే మీద ఎక్కువ దూరం తేలుతుంది. ఈ తేడాలకు కంగారుపడకుండా సర్దుకోగలదని ఆయనకు నమ్మకం కుదరాలి.

ఎక్కువమంది ఆగిపోయేది ల్యాండింగ్ దగ్గరే. సెస్నా 172ఎస్ మోడల్‌లో ఫ్లాప్స్ (రెక్కల వెనక అంచున దించే పలకలు) పూర్తిగా దించి 65 నాట్స్ వేగంతో రావాలి. భయంతో ‘కాస్త స్పీడ్ ఉంటే మంచిదిలే’ అనుకుని 75తో వస్తారు. పది నాట్సే కదా అనిపిస్తుంది, కానీ శక్తి వేగం వర్గంతో పెరుగుతుంది కాబట్టి విమానంలో మూడో వంతు అదనపు శక్తి మిగిలిపోతుంది. పైగా రెక్కల కొస నుంచి కొసకు 11 మీటర్లు, అంతకన్నా తక్కువ ఎత్తుకు వచ్చాక గాలి వెనక్కి లాగే శక్తి తగ్గి విమానం అలా జారుతూనే ఉంటుంది. రన్‌వే అయిపోతోందని గాబరాపడి ముక్కు కిందికి నొక్కుతారు. ముందు చక్రం మొదట తగిలి విమానం ఎగిరిపడుతుంది. మళ్లీ నొక్కితే రెండో దెబ్బ ఇంకా పెద్దది. ప్రొపెల్లర్ నేలకు తగిలే ప్రమాదం అక్కడే. దీనికి విరుగుడు ఒకటే: చిన్న ఎగురైతే ముక్కు అలాగే నిలిపి కొంచెం పవర్, పెద్దదైతే మారు మాట లేకుండా గో అరౌండ్, అంటే దిగడం మానేసి మళ్లీ పైకి వెళ్లడం. ఫుల్ థ్రాటిల్, ఫ్లాప్స్ 20 డిగ్రీలకు, 60 నాట్స్‌తో పైకి. ఎవరూ చెప్పకుండా, తనంతట తానే ఈ నిర్ణయం తీసుకుందా అన్నది ఇన్‌స్ట్రక్టర్ చాలా జాగ్రత్తగా గమనిస్తాడు. ల్యాండింగ్ అందంగా చేయడం కన్నా అదే ముఖ్యం.

ఇంకో అడ్డంకి రేడియో. తెలుగు మీడియంలో చదివిన పిల్లలకే కాదు, ఇంగ్లిష్ బాగా వచ్చినవాళ్లకూ ఇది తడబాటే. కంట్రోల్ టవర్ చెప్పింది తిరిగి అప్పజెప్పే కంగారులో ఎత్తు 150 అడుగులు పెరిగిపోతుంది, తెలియదు కూడా. ముందు విమానం నడపాలి, మాట తర్వాత. ‘స్టాండ్‌బై’ (కాస్త ఆగండి) అనడం తప్పు కాదని పిల్లలకు అర్థమయ్యేసరికే సగం గంటలు గడిచిపోతాయి.

ఇక మీరు చేయాల్సింది. లాగ్‌బుక్ ఫొటో తీసి పంపమనండి. గంటలతో పాటు తేదీలూ చూడండి. 24 గంటలు ఆరు వారాల్లో అయ్యాయా, నాలుగు నెలల్లోనా? వారం గ్యాప్ వస్తే తర్వాతి ఫ్లయిట్‌లో మొదటి అరగంట పాతది గుర్తుచేసుకోవడానికే పోతుంది. వర్షాకాలంలో, విమానం మెయింటెనెన్స్‌లో ఉన్నప్పుడు ఇలా జరుగుతుంది. అది పిల్ల లోపం కాదు. ఎంతమంది ఇన్‌స్ట్రక్టర్లు మారారో కూడా చూడండి. ముగ్గురు నలుగురు మారితే ప్రతివాళ్లూ మొదటి నుంచి చూసుకుంటారు, సోలో వెనక్కి పోతుంది. ఆ విషయం స్కూల్‌ను గట్టిగానే అడగొచ్చు, మీకా హక్కుంది.

ట్రైనింగ్ ఫైల్‌లో ప్రతి ఫ్లయిట్ తర్వాత రిమార్క్ రాస్తారు. చివరి ఆరు రిమార్కులు వరుసగా చదవమనండి. లోపాలు మారుతుంటే ముందుకు వెళ్తోందని అర్థం. ఒకే మాట, ఉదాహరణకు ‘ఫ్లేర్ (నేల తాకే ముందు ముక్కు ఎత్తడం) ఎత్తుగా చేస్తోంది’ అన్నది, ఆరు సార్లూ కనిపిస్తే చీఫ్ ఇన్‌స్ట్రక్టర్‌తోనో, మరొకరితోనో ఒక ఫ్లయిట్ అడగమనండి. చాలాసార్లు సీటు ఎత్తు మార్చడం, చూపు దగ్గరి నేల మీద కాకుండా రన్‌వే చివర ఉంచడం లాంటి చిన్న సవరణతోనే పట్టు దొరుకుతుంది.

హాస్టల్ గదిలో కాక్‌పిట్ పోస్టర్ గోడకు అంటించి, కుర్చీలో కూర్చుని, చెక్‌లిస్టూ రేడియో కాల్సూ నోటితో పలుకుతూ రోజూ మూడు సర్క్యూట్లు చేయమనండి. ఖర్చు లేని శిక్షణ ఇది. ఎవరైనా స్టాప్‌వాచ్ పట్టుకుని మధ్యలో ‘ఇంజిన్ ఆగింది’ అంటే, ‘ముక్కు దించు, 70 నాట్స్, ఎదురుగానే దిగు, వెనక్కి తిరగకు’ అన్నది ఆలోచించకుండా రావాలి.

ఇంకొక్కటి, పిల్లలు మరిచిపోయేది. ఫ్లయిట్‌కు ముందు బ్రెత్ అనలైజర్ పరీక్ష ఉంటుంది, ట్రైనీలకూ. ఆల్కహాల్ ఉన్న మౌత్‌వాష్ వాడి ఆ రోజు ఫ్లయిట్ పోగొట్టుకోవద్దని చెప్పండి.

రోజూ సాయంత్రం ఫోన్ చేసి ‘అయ్యిందా?’ అని అడగడం ఆపేయండి. అయిన రోజు, తోటివాళ్లు ఆనవాయితీగా కుమ్మరించిన నీళ్లలో తడిసి ముద్దయిన యూనిఫామ్‌తో ఫొటో మీకే ముందు వస్తుంది. ఆ తర్వాత నేరుగా దూర ప్రయాణాలు ఉండవు. కొన్ని రోజులు డ్యూయల్ చెక్, వెంటనే ఒంటరి సర్క్యూట్లు, మళ్లీ చెక్. అలా సాగుతుంది.

ఈలోగా మీ చేతిలో ఉన్న పని క్లాస్-1 మెడికల్ అనే వైద్య పరీక్ష. ఎస్‌పీఎల్‌కు (స్టూడెంట్ పైలట్ లైసెన్స్) క్లాస్-2 సరిపోయింది. సీపీఎల్‌కు క్లాస్-1 కావాలి. ఇంకా చేయించకపోతే, మరో యాభై గంటల డబ్బు కట్టే ముందే చేయించండి.