మ్యూజియం నుంచి వచ్చాక తలస్నానం చెయ్యాలా?

పోయిన నెల ఒక కుర్రాడు ఫోన్ చేశాడు. ఊరి నుంచి లండన్ వచ్చి మూడు నెలలయింది, మాస్టర్స్ చదువుతున్నాడు. "ఆంటీ, ఫ్రెండ్స్‌తో బ్రిటిష్ మ్యూజియంకి వెళ్లొచ్చాను. అక్కడ మమ్మీలున్నాయి. అవి శవాలే కదా, ఇంటికి రాగానే స్నానం చెయ్యాలంటోంది అమ్మ. నిజమేనా?"

నవ్వొచ్చింది గానీ నవ్వలేదు. పందొమ్మిదేళ్ల కిందట ఈస్ట్‌హామ్‌లో కాపురం పెట్టిన కొత్తలో మా అత్తగారూ మామగారూ వస్తే ఇదే సందేహం మా ఇంట్లోనూ వచ్చింది. ఆవిడకు మమ్మీల గది గడప దాటడమే ఇష్టం లేదు. మామగారు మాత్రం లోపలికి వెళ్లి, ఎదురుగా బెంచీ మీద కూర్చుని, పదినిమిషాల్లో గురక పెట్టారు. తప్పు నాదే. డబ్బులు పెట్టి ఇంత దూరం వచ్చారు కదా, ఒక్కరోజులో అంతా చూపించేద్దామని పొద్దున పది నుంచి సాయంత్రం ఐదు దాకా తిప్పాను. ఆ తర్వాత మూడు రోజులు ఆవిడ మోకాళ్లకు కాపడం పెట్టాల్సి వచ్చింది.

కొత్తగా వచ్చినవాళ్లకు నేను చెప్పేది ఒక్కటే. లండన్‌లో ఈ మ్యూజియాలకు టికెట్ లేదు. టికెట్ లేనప్పుడు గిట్టుబాటు చేసుకోవాలన్న కంగారు దేనికి? అరగంట వెళ్లండి. ఒక్క బొమ్మ చూడండి. బయటికొచ్చి దోసె తినండి. మళ్లీ నెల ఇంకొకటి చూడొచ్చు. మామూలు శనివారంలో, బట్టలు ఉతుక్కోవడానికీ కూరగాయలు తెచ్చుకోవడానికీ మధ్యలో దాన్ని ఇరికించండి.

మొదటిసారైతే రొసెట్టా రాయి దగ్గర తోసుకోకండి. అది చాలా గొప్ప రాయే, కాదనను. క్రీస్తుపూర్వం 196 నాటి శాసనం, ఒకే ఉత్తర్వు మూడు లిపుల్లో ఉంది. దాని సాయంతోనే షాంపోలియన్ అనే ఫ్రెంచి పండితుడు 1822లో ఈజిప్టు లిపి గుట్టు విప్పాడు. కానీ అక్కడ మీకు కనబడేవి ఫోన్లెత్తిన చేతులే. ఒకటో నంబరు గదిలో దాని నకలు ఉంటుంది, చేత్తో తడిమి చూడొచ్చు, జనం ఉండరు.

నేరుగా మేడ మీద 61వ గదికి వెళ్లండి. అక్కడ నెబామున్ ఉంటాడు.

ఎవరీయన? రాజు కాడు, సేనాపతీ కాడు. సుమారు క్రీస్తుపూర్వం 1350లో, ఈజిప్టులో ఇప్పటి లక్సర్ ఊరి దగ్గర, ఆమున్ దేవుడి ఆలయానికి చెందిన ధాన్యం లెక్కలు రాసేవాడు. మన భాషలో చెప్పాలంటే దేవస్థానం గాదెల కరణం. మీరు ఎక్సెల్‌లో చేసే పనే ఆయన పాపిరస్ అనే రెల్లు కాగితం మీద చేశాడు. చనిపోయాక ఎలా ఉండాలనుకున్నాడో సమాధి గోడల మీద బొమ్మలు వేయించుకున్నాడు. దొరికిన ముక్కల్లో పదకొండు ఈ గదిలో ఉన్నాయి. సమాధి ఎక్కడుందో మాత్రం ఇప్పుడు ఎవరికీ తెలియదు. 1820లో వీటిని పీకి తెచ్చినవాళ్లు ఆ చోటు ఎక్కడా రాసిపెట్టలేదు.

అన్నిట్లోకీ నాకిష్టమైనది వేట బొమ్మ. చిన్న రెల్లు పడవ మీద నెబామున్ నిలబడి ఉంటాడు. వెనక భార్య నగలన్నీ పెట్టుకుని ముస్తాబై ఉంటుంది. కాళ్ల మధ్య కూతురు, తండ్రి కాలు పట్టుకుని కూర్చుంటుంది. ఇంటి పిల్లి కూడా వచ్చింది. ఒక పిట్టను నోట, మిగతావాటిని గోళ్లతో పట్టుకుని ఉంటుంది. దాని కంటికి బంగారు రేకు అద్దారు. చుట్టూ ఎగిరే సీతాకోకచిలుకల్ని చూడండి, నారింజ రంగు రెక్కలకు నల్ల అంచు. మన పొలం గట్ల మీద జిల్లేడు చెట్ల చుట్టూ తిరిగే జాతే అది. పక్కన చిత్రలిపిలో రాసిన మాటల భావం, నిత్యమైన ఆ చోట సరదాగా గడుపుతూ మంచివి చూస్తున్నాడని. లెక్కల పుస్తకం పట్టుకున్నట్టు కాదు, పెళ్లాం పిల్లతో వీకెండ్‌కి పడవెక్కినట్టు వేయించుకున్నాడు ఆ కరణంగారు!

తోట బొమ్మ దగ్గర ఇంకాస్త ఆగండి. చెరువుని పైనుంచి చూసినట్టు వేశారు, అందులోని చేపల్నీ బాతుల్నీ పక్కనుంచి చూసినట్టు. గట్టు మీద చెట్లు కొన్ని పడుకున్నట్టుంటాయి. చిన్నప్పుడు మనం కాగితం తిప్పి తిప్పి గీసేవాళ్లం కదా, అలాగన్నమాట. వాళ్లకు గియ్యడం రాక కాదు. ప్రతి వస్తువూ ఏ వైపు నుంచి బాగా తెలుస్తుందో ఆ వైపు నుంచే వెయ్యాలన్నది వాళ్ల పద్ధతి. మనుషుల ముఖం పక్కకీ, కన్నూ భుజాలూ ఎదురుకీ ఉండటం కూడా అందుకే. ఆ చెట్లలో ఒకటి మన మేడిచెట్టుకు చుట్టం. ఆ చేపలు తిలాపియా. మా వీధి చివర కొట్లో మంచు మీద పెట్టి అమ్మేవీ అవే.

కిందికి దిగేటప్పుడు నాలుగో గదిలో కంచు పిల్లిని పలకరించండి. చెవులకు బంగారు పోగులు, ముక్కుకు బంగారు పోగు. "నేను ముక్కుపుడక అడిగితే మీ మామగారు పదేళ్లు నాన్చారు, వీళ్లు పిల్లికి పెట్టారు చూడు" అన్నారు మా అత్తగారు. ఆరోజు మొత్తంలో ఆవిడకు గుర్తున్నది అదొక్కటే.

ఇక తిండి, తిరుగుడు. ఈస్ట్‌హామ్ నుంచి డిస్ట్రిక్ట్ లైన్ ఎక్కితే మారకుండా ఎంబాంక్‌మెంట్‌లో దిగొచ్చు. శని ఆదివారాల్లో రిపేర్లని రైళ్లు ఆపేస్తుంటారు, ముందురోజే చూసుకోండి. స్టేషన్ పక్కనే నది ఒడ్డున క్లియోపాత్రా సూది ఉంది. క్లియోపాత్రాకూ దానికీ సంబంధం లేదు, ఆవిడకు వెయ్యేళ్లకు పైగా ముందు ఈజిప్టు రాజు మూడో థట్‌మోస్ నిలబెట్టించిన రాతి స్తంభం. ఇక్కడ 1878లో నిలబెట్టారు. పక్కన కాపలా ఉండాల్సిన సింహికలు (సింహం ఒంటికి మనిషి తల ఉన్న బొమ్మలు) బయటికి కాకుండా స్తంభం వైపే చూస్తుంటాయి. అక్కడి నుంచి మ్యూజియంకి ఇరవై, పాతిక నిమిషాల నడక.

శనివారం షిఫ్టు ఉన్నవాళ్లు శుక్రవారం సాయంత్రం వెళ్లండి, ఆరోజు రాత్రి ఎనిమిదిన్నర దాకా తెరిచి ఉంటుంది. ఎంట్రీ ఫ్రీయే అయినా ఆన్‌లైన్‌లో టైమ్ బుక్ చేసుకుంటే క్యూ బాధ తగ్గుతుంది. వెనకే రస్సెల్ స్క్వేర్ తోట. ఎండ కాస్తే డబ్బాలో పులిహోర తీసుకెళ్లండి, బెంచీ మీద కూర్చుని తినొచ్చు. దగ్గర్లోనే యూసీఎల్ కాలేజీలో ఈజిప్టు వస్తువుల పెట్రీ మ్యూజియం ఉంది, అదీ ఉచితమే. అయిదువేల ఏళ్లు దాటిన నార గౌను అక్కడ చూడొచ్చు, మోచేతుల దగ్గర ముడతలు ఇంకా అలాగే ఉన్నాయి. వెళ్లేముందు టైమింగ్స్ చూసుకోండి. ఆ తర్వాత యూస్టన్ పక్కన డ్రమండ్ స్ట్రీట్. దోసె, భేల్‌పూరి, మిఠాయిలు అన్నీ దొరుకుతాయి. చట్నీ మీద పెద్ద ఆశలు పెట్టుకోవద్దు.

ఇంతకీ మమ్మీని చూడటానికి లండన్ రావాల్సిన పని కూడా లేదని ఆ కుర్రాడికి చెప్పాను. హైదరాబాద్ నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్‌లోని మ్యూజియంలో ఒక ఈజిప్టు అమ్మాయి మమ్మీ ఉంది. ఆరో నిజాం అల్లుడు కొని తెప్పించి ఏడో నిజాంకి ఇచ్చాడంటారు. స్కూలు పిల్లలు వరస కట్టి చూసొస్తుంటారు. వాళ్లంతా ఇంటికెళ్లి స్నానాలు చేస్తున్నారా?

అయినా అమ్మ చెప్పింది కదా, చెయ్యి నాన్నా అన్నాను. అయిదుగురు ఉండే ఆ ఇంట్లో నీ వంతు వచ్చేసరికి బాయిలర్‌లో వేడినీళ్లు మిగిలి ఉంటే.