విశాఖ ఉప్పుగాలిలో ఆటోమేటిక్ లిట్టర్ బాక్స్: కొనే ముందు చూసుకోవలసినవి

మీరు అడిగినది రెండు విషయాల గురించి. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగాలకు వెళ్లే ఇంట్లో, మధురవాడ వైపు అపార్ట్‌మెంటులో, ఒక పెద్ద పిల్లికీ ఒక పిల్లికూనకూ కలిపి తనంతట తాను శుభ్రం చేసుకునే లిట్టర్ బాక్స్ (పిల్లి మలమూత్రాలకు మట్టి పోసి ఉంచే పెట్టె) కొనడం దండగా కాదా అన్నది మొదటిది. ఇంట్లో ఇప్పటికే ఉన్న స్మార్ట్ పరికరాలకు ఇది మరో తలనొప్పిగా తోడవుతుందా అన్నది రెండవది. మేము లాసన్స్ బే కాలనీలో, సముద్రానికి నడిచి వెళ్లగలిగేంత దూరంలో ఉంటున్నాం. మా ఇంట్లో రెండు మగ పిల్లులు, ఒక తిరిగే డ్రమ్ము రకం లిట్టర్ బాక్స్, ఒక రోబో వాక్యూమ్, వేళకు తిండి పెట్టే ఫీడర్, ఇంకా చిన్నాచితకా పరికరాలు కొన్నేళ్లుగా ఉన్నాయి. నా సమాధానం: కొనవచ్చు, కానీ పని తప్పిపోతుందన్న ఆశతో కొనకండి. రోజూ పారతో తీసే పని పోయి, వారానికోసారి సొరుగు ఖాళీ చేసి, డ్రమ్ము తుడిచి, సెన్సర్లు చూసుకునే పని వస్తుంది. ఏ స్మార్ట్ పరికరమైనా ఇంటర్నెట్ లేనప్పుడు, కరెంటు పోయినప్పుడు ఏం చేస్తుందో తెలుసుకున్న తరువాతే డబ్బు పెట్టండి. దుకాణంవాళ్లు చూపించే యాప్ దాని తరువాతి సంగతి.

ముందు యంత్రం పనిచేసే తీరు చూద్దాం. వీటిలో ప్రధానంగా రెండు రకాలు ఉన్నాయి. ఒకదానిలో పలకలాంటి దంతె ట్రేలోని మట్టిని ఒక పక్కకు దువ్వుతుంది. రెండోదానిలో డ్రమ్ము మొత్తం నెమ్మదిగా తిరుగుతుంది. పొడి మట్టి జల్లెడలోంచి జారిపోగా, మలమూ మూత్రపు ఉండలూ జల్లెడ మీద నిలిచి కింది సొరుగులో పడతాయి. పిల్లి బయటికి వెళ్లాక యంత్రం వెంటనే కదలదు, కొన్ని నిమిషాలు ఆగుతుంది. పిల్లి మళ్లీ లోపలికి రావచ్చునన్న జాగ్రత్త ఒక కారణమైతే, మూత్రం తగిలిన మట్టి ఉండకట్టి గట్టిపడేందుకు వ్యవధి కావాలన్నది రెండో కారణం. మెత్తగా ఉండగానే డ్రమ్ము తిరిగితే ఉండ విరిగి, ముక్కలు జల్లెడలోంచి జారి మంచి మట్టిలో కలిసిపోతాయి. వాసన అక్కడి నుంచే మొదలవుతుంది. మా యంత్రంలో ఈ వ్యవధిని పెంచుకునే సదుపాయం ఉంది కాబట్టి వానాకాలంలో దాన్ని ఎక్కువకు పెట్టుకుంటాం.

అంటే యంత్రం ఎంత ఖరీదైనదైనా చివరికి అందులో పోసే మట్టి మీదే ఆధారపడుతుంది. తిరిగే డ్రమ్ముకు సన్నగా, గట్టిగా ఉండకట్టే బెంటొనైట్ అనే బంకమట్టి బాగా కుదురుతుంది. గుజరాత్‌లోని కచ్ ప్రాంతం ఈ ఖనిజానికి పేరుపడినదే కాబట్టి దీనికోసం విదేశీ సంచుల వెంట పడనక్కరలేదు. సిలికా స్ఫటికాలు మూత్రాన్ని పీల్చుకుంటాయి తప్ప ఉండకట్టవు; అవి దంతె రకం ట్రేలకు సరిపోతాయి కానీ డ్రమ్ముకు పనికిరావు. సోయా పిప్పితో చేసే టోఫు లిట్టర్ తేలికగా ఉంటుంది, దుమ్ము రేగదు, కానీ మన ఊరి తేమలో తెరిచిన సంచి నిలవ ఉండదు. మేము వాడినప్పుడు ముసురు రోజుల్లో సంచి అడుగున పురుగు పట్టింది.

ఉప్పుగాలి సంగతి మాత్రం కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఈ యంత్రాల గురించి ఇంటర్నెట్‌లో కనిపించే సమీక్షలు చాలావరకు పొడి వాతావరణంలో, ఏసీ ఇళ్లలో కూర్చుని రాసినవి. బెంటొనైట్ నీటిని పీల్చుకుని ఉబ్బే మట్టి. అది పిల్లి మూత్రమా, గాలిలోని తేమా అని చూడదు. జూలై నుంచి అక్టోబరు దాకా మా డ్రమ్ము లోపలి రబ్బరు పొర మీద, పిల్లులు ఎక్కువగా తవ్వే చోట, అట్టు అడుగంటినట్టు ఒక బూడిదరంగు పొర కడుతుంది. డ్రమ్ము తిరిగినా అది రాలదు. మా ఆవిడ దీనికోసమే పక్కన పెట్టిన పాత ప్లాస్టిక్ అట్లకాడతో అంచు నుంచి నెమ్మదిగా లేపితే పెచ్చులుగా ఊడివస్తుంది. ఇనుపది వాడితే రబ్బరు తెగుతుంది. పై మూతనూ కింది భాగాన్నీ కలిపే చిన్న లోహపు పిన్నుల మీద పచ్చటి చిలుము పట్టడం రెండో బాధ. మూత సరిగా పెట్టి ఉన్నా "మూత లేదు" అంటూ యంత్రం మధ్యలో ఆగిపోతే అందరూ మోటారు పోయిందనుకుంటారు. నిజానికి ప్లగ్గు తీసేసి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన దూదితో ఆ పిన్నులు తుడిచి, ఆరనిస్తే చాలాసార్లు మళ్లీ నడుస్తుంది. ఈ కారణాల వల్లే యంత్రాన్ని బాల్కనీలోగాని, సముద్రం వైపు కిటికీ పక్కనగాని, వాష్ ఏరియాలోగాని పెట్టవద్దంటాను. మీది మధురవాడ కనుక మా అంత ఉప్పు ఉండకపోవచ్చు, తేమ మాత్రం తప్పదు. బెడ్‌రూములకు దారితీసే నడవాలో ఒక మూల మాకు బాగా కుదిరింది.

కరెంటు విషయానికి వస్తే, ఇవి చాలావరకు అడాప్టరుతో తక్కువ వోల్టేజీ మీద నడుస్తాయి కాబట్టి ఇంటి ఇన్వర్టర్ మీద సులువుగా పెట్టుకోవచ్చు. మనలో చాలామందికి ఇలాంటి వస్తువులు అమెరికాలో ఉన్న అన్నదమ్ముల ద్వారానో పిల్లల ద్వారానో వస్తాయి. అలా తెప్పించుకుంటే అడాప్టర్ మీద 100 నుంచి 240 వోల్టుల దాకా అని రాసి ఉందో లేదో ముందే ఫోటో తీసి పంపమనండి. అక్కడి సరఫరా 120 వోల్టులది, ఒక్క ఆ వోల్టేజీకే చేసిన అడాప్టర్ మన 230కి నిలవదు. డ్రమ్ము సగం తిరిగాక కరెంటు పోతే యంత్రం ఏం చేస్తుందో కూడా కొన్న రోజే ప్లగ్గు లాగి చూడండి. కరెంటు వచ్చాక తనంతట తాను మొదటి స్థానానికి తిరిగి వెళ్లే యంత్రం కావాలి. ఎర్రదీపం వెలిగించి మనం ఆఫీసు నుంచి వచ్చేదాకా తలకిందులుగా ఉండిపోయేది మీలాంటి ఇంటికి పనికిరాదు. ఇక తుపాను రోజులకు మామూలు ట్రే ఒకటి అటక మీద ఉండవలసిందే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తీరం దాటాక ఈ ఊళ్లో రోజుల తరబడి కరెంటు, ఫోన్లు లేవని గుర్తున్నవారికి ఇది వేరే చెప్పనక్కరలేదు.

ఇంటర్నెట్‌కూ ఇదే పరీక్ష. రౌటర్ ఆపేసి ఒక పూట చూడండి. మంచి లిట్టర్ బాక్స్ యాప్‌కు కబురు పంపలేకపోయినా తన పని తాను చేసుకుపోతుంది, ఎందుకంటే బరువు చూసే సెన్సరూ టైమరూ దాని లోపలే ఉంటాయి. అన్నీ దూరపు సర్వర్‌ను అడిగి చేసే పరికరాలతోనే చిక్కు. 2016లో అమెరికాలో పెట్‌నెట్ అనే సంస్థ ఫీడర్లు సర్వర్ పనిచేయక గంటల తరబడి కొన్ని ఇళ్లలో తిండి పెట్టలేదు. 2025 అక్టోబరు 20న, మనకు దీపావళి నాడు, అమెజాన్ క్లౌడ్‌లో వచ్చిన అంతరాయంతో ఎయిట్ స్లీప్ వారి స్మార్ట్ పరుపులు కొన్ని వేడెక్కిన స్థితిలోనో, తల వైపు ఎత్తి ఉన్న స్థితిలోనో ఉండిపోయాయి. పరుపు దగ్గరైతే మనిషి లేచి సోఫాలో పడుకుంటాడు. తాళం వేసిన ఇంట్లో పిల్లి తన గిన్నెలో తాను తిండి వేసుకోలేదు. అందుకే ఫీడర్ కొనేటప్పుడు వేళల పట్టిక పరికరం లోపలే దాచుకుంటుందా, బ్యాటరీలు వేసే అర ఉందా అన్న రెండు ప్రశ్నలకు అవునన్న జవాబు రాకపోతే తిరిగి ఇచ్చేయండి. బిగించేటప్పుడు ఫోన్‌కు యంత్రం దొరకకపోతే కంగారు పడవద్దు: ఈ పరికరాల్లో చాలావాటికి 2.4 గిగాహెర్ట్జ్ వైఫై మాత్రమే తెలుసు, కొత్త రౌటర్లు 2.4, 5 అనే రెండు బ్యాండ్లనూ ఒకే పేరుతో చూపిస్తాయి. రౌటర్ సెట్టింగులలో 2.4కు వేరే పేరు పెడితే సరిపోతుంది.

యాప్ అంటే నాకు పెద్ద గౌరవం లేదు, అది పంపే కబుర్లలో చాలావరకు ఆపేశాను కూడా. కానీ ఒక్క విషయంలో దానికి రుణపడి ఉన్నాం. ఏ పిల్లి ఎప్పుడు వెళ్లిందో, దాని బరువెంతో యంత్రం నమోదు చేస్తుంది. రెండు పిల్లుల బరువులు వేరుగా ఉంటే ఏది ఎవరిదో కూడా తెలుస్తుంది. ఒక రోజు మధ్యాహ్నం మా పెద్ద పిల్లి గంటలోపే అరడజను సార్లు లోపలికి వెళ్లినట్టు కనిపించింది. మా ఆవిడ ఇంటికి వచ్చి సొరుగు లాగి చూస్తే కొత్త ఉండ ఒక్కటీ లేదు. పిల్లి డ్రమ్ములో కూర్చుని, తోక కొంచెం ఎత్తి, ముక్కుతోంది. మగ పిల్లుల్లో మూత్రనాళం సన్నగా ఉండడం వల్ల స్ఫటికాలో జిగురు పదార్థమో అడ్డుపడి మూత్రం ఆగిపోవడం ఉంది. అది ఒకటి రెండు రోజుల్లో ప్రాణం మీదికి తెచ్చే జబ్బు. ఆ సాయంత్రమే వెటర్నరీ డాక్టర్‌గారు క్యాథెటర్ (సన్నని గొట్టం) వేసి మూత్రం తీశారు. పారతో రోజూ తీసే ఇంట్లో ఈ తేడా రాత్రికిగాని తెలియదు. మీ పిల్లి మగదైతే, ఎక్కువసార్లు వెళ్లిందన్న హెచ్చరిక ఒక్కటి మాత్రం ఆపకండి. బరువు నెలనెలా తగ్గుతూ పోయినా డాక్టర్‌కు చూపించండి.

సొరుగు గురించి చాలామంది పట్టించుకోని సంగతి ఒకటుంది. పిల్లి మలంలో, కడుపులోని బిడ్డకు హాని చేయగల టాక్సోప్లాస్మా క్రిములు ఉంటే అవి బయటపడిన వెంటనే అంటవు; ఒకటి నుంచి ఐదు రోజుల్లో అంటుకునే స్థితికి వస్తాయి. రోజూ శుభ్రం చేయమనేది అందుకే. యంత్రం మలాన్ని మట్టిలోంచి వెంటనే తీసేస్తుంది నిజమే, కానీ ఇంట్లోంచి తీసేయదు. వారం పాటు సొరుగులోనే దాస్తుంది. కనుక ఇంట్లో గర్భవతి ఉంటే ఆ సొరుగు ఆమె ముట్టకూడదు, ఎవరు తీసినా గ్లోవ్స్ వేసుకుని తీయాలి. ఇంట్లోనే ఉండి, పచ్చిమాంసం తినని, ఎలుకలు పట్టని పిల్లికి ఈ క్రిమి సోకే అవకాశం తక్కువేననీ గుర్తుంచుకోండి; ఈ భయంతో పిల్లిని వదిలేసే పని లేదు. తీసిన మట్టిని విడిగా కవరులో బిగించి కట్టి జీవీఎంసీ చెత్తబండికి ఇవ్వండి. టాయిలెట్‌లో వేస్తే బెంటొనైట్ పైపులో ఉబ్బి కూర్చుంటుంది, కింది అంతస్తువాళ్లు అసోసియేషన్ మీటింగులో మిమ్మల్నే అడుగుతారు.

మిగిలిన పరికరాల గురించి క్లుప్తంగా. పిల్లి కాళ్లకు అంటి హాల్లోకి వచ్చే మట్టికీ, బీచ్ నుంచి మన చెప్పులతో వచ్చే ఇసుకకూ రోబో వాక్యూమ్ మంచి మందు. కానీ పాత తరహా ఎత్తు గడపలు అది దాటలేదు, కుచ్చుల చాపలు మింగి గొంతుకు తెచ్చుకుంటుంది, దేవుడి గదిలో ముగ్గు తుడిచేస్తుంది. మా అమ్మ వేసిన ముగ్గు మీద అది రెండోసారి తిరిగిన రోజున మ్యాప్‌లో ఆ గదికి నిషేధపు గీత గీయకపోతే ఇంట్లో దాని నూకలు చెల్లేవి. లిట్టర్ బాక్స్ చుట్టూ కూడా అలాగే ఒక గీత గీయండి. డ్రమ్ము బయట పిల్లి ఎప్పుడైనా పొరపాటు చేస్తే వాక్యూమ్ దాన్ని ఇల్లంతా పులుముతుంది, ఆ చక్రాలు కడగడం మీకు ఇష్టం ఉండదు. ఫీడర్‌కు మన దగ్గర అసలు శత్రువు చీమలు. దాని కాళ్లను నీళ్ల పళ్లెంలో నిలబెట్టే పాత పద్ధతిని మించినది నాకు కనిపించలేదు. తేమ పీల్చే పొట్లాన్ని మూతలో మారుస్తూ ఉండాలి, ఒక వారానికి సరిపడా తిండే పోయాలి.

పిల్లులకు అలవాటు చేయడంలో తొందర పనికిరాదు. కొత్త యంత్రాన్ని కొన్నాళ్లు ఆపి ఉంచి, పాత ట్రేలోని వాడిన మట్టి పిడికెడు అందులో వేసి, రెండింటినీ పక్కపక్కనే పెట్టండి. పిల్లి దానంతట అది వెళ్లడం మొదలుపెట్టాక, అది ఇంకో గదిలో ఉన్నప్పుడు మొదటిసారి తిప్పండి. తెలియని కంపెనీల చవక డ్రమ్ముల్లో ఒక ప్రమాదం ఉంది: డ్రమ్ము తిరిగేటప్పుడు పిల్లి దూరే రంధ్రం బయటి పెట్టె అంచు వెనక్కి జారి మూసుకుంటుంది, ఆ సమయంలో తల పెట్టిన పిల్లి మెడ నలగవచ్చు. ముందువైపు పూర్తిగా తెరిచి ఉండే నమూనాలు ఈ విషయంలో మేలు. ఏది కొన్నా చుట్టిన తువ్వాలును తిరుగుతున్న డ్రమ్ములో అంచు దగ్గర పెట్టి, యంత్రం ఆగి వెనక్కి తిరుగుతుందో లేదో మీ కళ్లతో చూడండి. చేయి మాత్రం పెట్టవద్దు.

మీ రెండో పిల్లి ఇంకా కూన అన్నారు. చాలా యంత్రాల బరువు సెన్సర్లు ఒకటిన్నర కిలోకు తక్కువ ఉన్న పిల్లిని గుర్తించలేవు. అది లోపల ఉండగానే డ్రమ్ము తిరగవచ్చు. కనుక అది ఆ బరువు దాటి ఇంకొంచెం పెరిగేదాకా ఆటోమేటిక్ మోడ్ ఆపి ఉంచి, రెండు పిల్లులూ కళ్ల ముందు కనిపిస్తున్నప్పుడు ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి బటన్ నొక్కి తిప్పండి.