డాక్టర్ సలహా: చికెన్ తిన్నాక విరేచనాలైతే ఇంట్లో మిగిలిన మాత్రలు వేయవచ్చా?

ప్రశ్న: మాది విశాఖపట్నం, గాజువాక. ఆదివారం వస్తే చాలు, మా ఎనిమిదేళ్ల బాబు బయట అమ్మే కరకరలాడే చికెన్ కావాలని మారాం చేస్తాడు. బయటి నూనెకు భయపడి ఇంట్లోనే చేస్తున్నాను. పైన బాగా వేగుతోంది కానీ లెగ్ పీసుల్లో ఎముక దగ్గర నెత్తురు రంగు కనిపిస్తోంది. కాసేపటికే మెత్తబడిపోతోంది కూడా. ఎంతసేపు వేయించాలి? మిగిలిన నూనె మళ్లీ వాడవచ్చా? క్రితంసారి తిన్న మూడో రోజున బాబుకు జ్వరం, విరేచనాలు వచ్చాయి, ఒకసారి రక్తపు చారలు కనిపించాయి. మావారికి ఇదివరకు రాసిన యాంటీబయాటిక్ మాత్రలు మిగిలి ఉంటే సగం చొప్పున రెండు రోజులు వేశాం. విరేచనాలు ఆగడానికి మందుల షాపులో అడిగి మరో మాత్ర కూడా ఇచ్చాం. తగ్గిపోయింది. షుగరు, బీపీ ఉన్న మా మామగారు కూడా ఈ చికెన్ తినవచ్చా?
– ఒక పాఠకురాలు

జవాబు: వంట సంగతికి తరువాత వస్తాను. మీ ఉత్తరంలో నన్ను ఆపేసింది రక్తపు చారల మాట.

బాబుకు ఏమైందో చూడకుండా తేల్చి చెప్పలేను. అయితే సరిగా ఉడకని కోడిమాంసం, రెండు మూడు రోజుల తరువాత జ్వరం, విరేచనాల్లో రక్తం, ఈ మూడూ ఒకచోట చేరితే మేము ముందుగా అనుమానించేవి కాంపిలోబ్యాక్టర్, సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియాలు. కలుషితమైన నీటి వల్ల వచ్చే రక్త విరేచనాలూ ఇలాగే మొదలవుతాయి కాబట్టి నేరం చికెన్‌దేనని ఖాయంగా అనలేను. కారణం ఏదైనా, రక్తం కనిపించిన రోజే డాక్టరుకు చూపించాల్సింది. మీరు చూపించలేదు, పైగా రెండు రకాల మందులు వేశారు.

ముందు ఆ విరేచనాలు ఆపే మాత్ర గురించి. అది రోగాన్ని తగ్గించదు, పేగు కదలికను మందగింపజేస్తుంది అంతే. జ్వరం, రక్తం ఉన్నప్పుడు అలా చేస్తే క్రిములూ వాటి విషాలూ లోపలే నిలిచిపోతాయి. అరుదుగానే అయినా పేగు ఉబ్బిపోయి ప్రాణం మీదికి వచ్చే ప్రమాదం ఉంది. అందుకే అలాంటి లక్షణాలుంటే పెద్దవాళ్లకు కూడా మేము దాన్ని రాయం. ఎనిమిదేళ్ల పిల్లవాడికి షాపులో అడిగి ఇవ్వడం చాలా పొరపాటమ్మా.

ఇక యాంటీబయాటిక్. పిల్లలకు మోతాదు బరువును బట్టి లెక్కగడతాం. పెద్దవాళ్ల మాత్రను సగానికి విరిచినంత మాత్రాన అది పిల్లల మోతాదు కాదు. పైగా కొన్ని మందులు పిల్లలకు ఇచ్చే ముందు మేమే ఒకటికి రెండుసార్లు ఆలోచిస్తాం. విరేచనాలకు మన దగ్గర విరివిగా మింగే సిప్రోఫ్లాక్ససిన్ తరహా మందులకు కాంపిలోబ్యాక్టర్ చాలావరకు లొంగడం మానేసింది. సాధారణ సాల్మొనెల్లా విరేచనాల్లో యాంటీబయాటిక్ వేస్తే ఆ క్రిమి పేగులో ఇంకా ఎక్కువ కాలం తిష్ఠ వేసే అవకాశం ఉంది. ‘తగ్గిపోయింది కదా’ అని మీరు అనుకోవచ్చు. ఆరోగ్యంగా ఉన్న పిల్లల్లో ఈ విరేచనాలు చాలావరకు వారం రోజుల్లో వాటంతట అవే తగ్గుతాయి. పేరు మాత్రం మాత్రకు వస్తుంది, మళ్లీసారి అదే మాత్ర పక్కింటివారికి కూడా వెళుతుంది. మా ఓపీకి ఇలా రెండు రకాల మాత్రలు మింగి, మూడో రోజుకు నీరసించిపోయి వచ్చే పిల్లలను తరచుగా చూస్తుంటాను. అప్పుడు మల పరీక్షకు పంపినా, లోపల సగం చచ్చిన క్రిమి, క్రిములను పెంచి చూసే కల్చర్‌లో దొరకకపోవచ్చు. యాంటీబయాటిక్‌లను డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని చట్టం ఉంది. షాపువాళ్లు ఇచ్చినా మీరు తీసుకోకండి. మిగిలిన మాత్రలను ఇంట్లో దాచకండి.

బాబు ఇప్పుడు హుషారుగా ఉన్నా ఒకసారి పిల్లల డాక్టరుకు చూపించండి, ఆ రెండు మాత్రల అట్టలూ వెంట తీసుకెళ్లండి. రాబోయే కొన్ని వారాల్లో కాళ్లు తిమ్మిరెక్కుతున్నాయన్నా, మెట్లు ఎక్కడానికి ఇబ్బంది పడుతున్నా ఒక్క రోజు కూడా ఆగకుండా కేజీహెచ్ వంటి పెద్ద ఆసుపత్రికి తీసుకెళ్లాలి. కాంపిలోబ్యాక్టర్ తరువాత నరాలను దెబ్బతీసే గిలియన్ బారే సిండ్రోమ్ వచ్చే అవకాశం చాలా అరుదు. మిమ్మల్ని భయపెట్టాలని కాదు, తెలిసి ఉంటే ఆలస్యం చేయరని రాస్తున్నాను.

మళ్లీ ఎప్పుడైనా విరేచనాలైతే ఇంట్లో మొదలుపెట్టదగిన మందు ఓఆర్‌ఎస్ ఒక్కటే. ప్యాకెట్ మీద ఎంత నీటిలో కలపమని ఉంటే అంత, కాచి చల్లార్చిన నీటిలోనే కలపండి. ఓఆర్‌ఎస్ పేరు తగిలించుకున్న తీపి పానీయాల డబ్బాలు అందుకు పనికిరావు. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం తయారు కానివాటిపై ఆ పేరే ఉండకూడదని ఆహార భద్రతను చూసే కేంద్ర సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2025 అక్టోబరులో ఆదేశించింది. జింక్ కూడా పిల్లలకు మేలు చేస్తుంది, మోతాదు మాత్రం డాక్టరును అడగండి. రక్తం, ఆగని వాంతులు, ఆరేడు గంటలుగా మూత్రం లేకపోవడం, పిల్లవాడు మగతగా పడి ఉండడం, వీటిలో ఏది కనిపించినా ఇంట్లో వేచి చూడవద్దు.

ఇప్పుడు చికెన్. ఎముక దగ్గర ఎరుపు కనిపించినంత మాత్రాన ఉడకలేదని కాదు. మన షాపుల్లో కొట్టే బ్రాయిలర్ కోడి వయసు ఆరు వారాలకు అటూ ఇటూ ఉంటుంది. ఎముకలు ఇంకా గట్టిపడవు, మూలుగ రంగు మాంసంలోకి దిగుతుంది. ఫ్రీజర్‌లో పెట్టి తీసిన ముక్కల్లో ఇది మరీ ఎక్కువ. అలాగే, తెల్లగా కనిపించిన ముక్క ఉడికిందనే నమ్మకమూ లేదు. రంగు చూసి తేల్చడం మానేసి, వంటలో వాడే థర్మామీటరు ఒకటి కొనండి. ముక్క మందంగా ఉన్నచోట, ఎముకకు తగలకుండా గుచ్చితే 74 డిగ్రీల సెల్సియస్ చూపాలి. అది లేనప్పుడు లెగ్ పీసులకు ఎముక దాకా గాట్లు పెట్టి, మధ్యస్థ మంట మీద పన్నెండు నుంచి పదిహేను నిమిషాలు వేయించండి. పైన త్వరగా ఎర్రబడి లోపల పచ్చిగా ఉంటోందంటే బహుశా మీ నూనె మరీ కాగుతోంది, లేదా ముక్కలు ఫ్రిజ్‌లోని గడ్డ పూర్తిగా వీడకుండానే బాణలిలో పడుతున్నాయి. ముందు నూనె వేడిని 160 డిగ్రీల దగ్గర ఉంచి లోపలిదాకా ఉడికించి, తీసి కాసేపు ఆరనిచ్చి, చివర్లో ఎక్కువ మంట మీద ఒకటి రెండు నిమిషాలు వేయిస్తే కరకరలాడుతుంది. హాట్‌బాక్స్‌లో పెట్టి మూత బిగిస్తే ఆ ఆవిరికే మెత్తబడుతుంది. అసలే మన సముద్రపు గాలిలో తేమ ఎక్కువ. జాలీ మీద ఆరబెట్టి వెంటనే తినేయండి.

మీరు రాయలేదు కానీ, పచ్చి చికెన్‌ను కుళాయి కింద ధారగా కడిగే అలవాటుంటే మానండి. ఆ తుంపర పక్కనున్న కొత్తిమీర మీద, గ్లాసుల మీద పడుతుంది. ముక్కలు వేయించినా కొత్తిమీరను వేయించరు కదా. కడగకపోవడమే మేలు. మనసు ఒప్పకపోతే గిన్నెలో నీళ్లు పోసి నెమ్మదిగా కడిగి, సింకునూ చేతులనూ సబ్బుతో శుభ్రం చేయండి. మజ్జిగలో ఉప్పు, అల్లం వెల్లుల్లి కలిపి నానబెట్టడం మంచిదే, కానీ రాత్రంతా గట్టు మీద కాదు, ఫ్రిజ్‌లో, కింది అరలో. వండినదాన్ని కైలాసగిరికో బీచికో కట్టుకెళితే ఎండాకాలంలో గంటలోపు తినేయాలి.

నూనె విషయానికొస్తే, పదేపదే కాచిన నూనెలో, అది చెడేకొద్దీ పెరిగే పోలార్ పదార్థాలు 25 శాతం దాటకూడదని 2018 నుంచి నిబంధన ఉంది. ఇంట్లో అది కొలవలేం. వడకట్టి ఒకసారి కూరకు వాడుకోండి. నల్లబడినా, జిగురొచ్చినా, నురగ కట్టినా పారేయండి, సింకులో మాత్రం పోయకండి.

మామగారి సంగతి. షుగరు మందులు ఎలా పనిచేస్తున్నాయో, గుండె, కిడ్నీల పరిస్థితి ఏమిటో తెలియకుండా తినమనీ, మానమనీ చెప్పలేను. ఎప్పుడైనా ఒక ముక్క వేరు, ప్రతి ఆదివారం వేరు. ఈ వయసులో, షుగరు ఉన్నవారికి సాల్మొనెల్లా రక్తంలోకి పాకే ప్రమాదం మీ బాబుకన్నా ఎక్కువ. గ్యాస్ మాత్రలు రోజూ వేసుకునేవారైతే ఇంకొంచెం ఎక్కువ. ఆయనకు విరేచనాలు పట్టుకున్న రోజున షుగరుకు వాడే మెట్‌ఫార్మిన్, బీపీ మాత్రలు వేసుకోవాలా, ఆపాలా అన్నది ఆయనను చూసే డాక్టరును ఫోనులోనైనా అడిగి తెలుసుకోండి. మీకు మీరుగా ఆపవద్దు, కొత్తవి మొదలుపెట్టవద్దు.

– జనరల్ ఫిజీషియన్, విశాఖపట్నం