బ్యాకప్ ఆగిందని సర్వీస్ అకౌంట్‌ని అడ్మిన్ చేయకండి

ఎస్‌క్యూఎల్ సర్వర్ (మైక్రోసాఫ్ట్ డేటాబేస్) బ్యాకప్ నెట్‌వర్క్ షేర్‌కి వెళ్ళకుండా "ఎర్రర్ 5, యాక్సెస్ ఈజ్ డినైడ్" అని ఆగిపోతోంది, సర్వీస్ అకౌంట్‌ని (ఆ డేటాబేస్ ప్రోగ్రామ్ విండోస్‌లో ఏ అకౌంట్‌తో నడుస్తుందో దాన్ని) లోకల్ అడ్మినిస్ట్రేటర్స్‌లో చేరిస్తే సరిపోతుందా అని అడిగారు. సరిపోదండి. షేర్ ఉన్నది వేరే మెషీన్‌లో కదా, ఇక్కడ అడ్మిన్ అయితే అక్కడ తలుపు తెరుచుకోదు.

నేను పాత ఉద్యోగంలో ఇదే ఎర్రర్‌కి అర్ధరాత్రి ఒక డొమైన్ అకౌంట్ పెట్టి, దాన్ని డొమైన్ అడ్మిన్స్‌లో (కంపెనీ నెట్‌వర్క్ మొత్తం మీద హక్కులున్న గ్రూపులో) చేర్చేశాను. బ్యాకప్ నడిచింది, ఇక దాని సంగతి మర్చిపోయాను. ఏడాది తర్వాత సెక్యూరిటీ టెస్టింగ్‌కి వచ్చినవాళ్ళు ఒక స్క్రీన్‌షాట్ చూపించారు. మా వెబ్ అప్లికేషన్ సెర్చ్ బాక్సులోంచి ఎస్‌క్యూఎల్ ఇంజెక్షన్ చేసి (వెతికే పదాల బదులు డేటాబేస్ ఆదేశాలు పంపి), డేటాబేస్‌లోంచి విండోస్ కమాండ్లు నడిపే ఎక్స్‌పీ కమాండ్‌షెల్‌తో, ఏ అకౌంట్‌తో నడుస్తోందో చెప్పే 'హూ యామ్ ఐ' కమాండ్ నడిపారు. జవాబుగా వచ్చింది నేను పెట్టిన ఆ అకౌంట్ పేరే. అప్లికేషన్ 'ఎస్ఏ' లాగిన్‌తో, అంటే సిస్‌అడ్మిన్‌గా (డేటాబేస్ సర్వర్ మీద పూర్తి హక్కులతో) కనెక్ట్ అయ్యేది. సిస్‌అడ్మిన్ ఆ కమాండ్‌షెల్ వాడితే, అది సర్వీస్ అకౌంట్ హక్కులతోనే నడుస్తుంది. అంటే ఆ ఒక్క సెర్చ్ బాక్సు చేతిలో మొత్తం డొమైన్ ఉన్నట్టే. ఆ రోజు నాకు నిజంగా చేతులు వణికాయి.

మీది 2012 లేదా తర్వాతి వెర్షన్ అయి, ఇన్‌స్టాల్ చేసినప్పుడు అకౌంట్ మార్చకపోతే, సర్వీస్ వర్చువల్ అకౌంట్‌తో (పాస్‌వర్డ్ మనం చూసుకోనక్కరలేని, విండోసే నడిపే అకౌంట్‌తో) నడుస్తుంటుంది. అది నెట్‌వర్క్ మీదికి మీ సర్వర్ కంప్యూటర్ అకౌంట్‌గా, అంటే పేరు చివర $ గుర్తుతో వెళ్తుంది. షేర్ పర్మిషన్లలోనూ, ఫోల్డర్ సెక్యూరిటీ ట్యాబ్‌లోనూ ఆ పేరునే చేర్చండి. షేర్‌లో చేంజ్, ఫోల్డర్‌కి మాడిఫై చాలు. పేరు వెతికేటప్పుడు ఆబ్జెక్ట్ టైప్స్‌లో కంప్యూటర్స్ టిక్ చేయకపోతే అసలు దొరకదు, చాలామంది ఇక్కడే విసిగిపోయి అడ్మిన్ ఇచ్చేస్తారు.

సర్వర్లు ఎక్కువుంటే జీఎంఎస్ఏ (గ్రూప్ మేనేజ్డ్ సర్వీస్ అకౌంట్) మేలు, పాస్‌వర్డ్ మామూలుగా 30 రోజులకోసారి దానంతటదే మారుతుంది. అకౌంట్ ఎప్పుడు మార్చినా సర్వీసెస్ విండోలో కాకుండా ఎస్‌క్యూఎల్ సర్వర్ కాన్ఫిగరేషన్ మేనేజర్‌లోనే మార్చండి. ఫైళ్ళకీ రిజిస్ట్రీకీ కావలసిన హక్కులు అదే సర్దుతుంది. అదనంగా నేనిచ్చేది 'పెర్ఫార్మ్ వాల్యూమ్ మెయింటెనెన్స్ టాస్క్స్' అనే విండోస్ హక్కు ఒక్కటే, పెద్ద డేటా ఫైళ్ళు పెరిగేటప్పుడు, రీస్టోర్ చేసేటప్పుడు చాలా టైమ్ కలిసొస్తుంది.

ముందు ఆ $ పేరు చేర్చి బ్యాకప్ మళ్ళీ నడపండి. అప్పటికీ ఎర్రర్ వస్తే మెసేజ్ మొత్తం ఇక్కడ పెట్టండి, చూస్తాను.