అటక మీది అంతరిక్ష నౌక

ప్రశ్న: ఓడలో పనిచేసిన మా మేనమామ 1980 ప్రాంతంలో తెచ్చిచ్చిన రాకెట్ బొమ్మ ముక్కలు విజయనగరంలోని మా పాత ఇంటి అటక మీద దొరికాయి. నీలం, బూడిద రంగు ముక్కలు, పసుపు రంగు అద్దాలు, ఎర్ర దుస్తుల చిన్న వ్యోమగామి ఉన్నాయి. కొన్ని ముక్కలు పోయాయి. ఇది ఏ బొమ్మ? మళ్లీ కట్టగలమా?
– ఒక పాఠకుడు, విజయనగరం

జవాబు: ప్రతి బుడిపె మీదా ‘లెగో’ అన్న ఇంగ్లీషు అక్షరాలు కనిపిస్తే, అది ఆ డెన్మార్క్ సంస్థ 1970ల చివర తెచ్చిన తొలి అంతరిక్ష శ్రేణిలోనిదే. చేతులు, కాళ్లు కదిలే బొమ్మమనిషిని తీర్చిదిద్దిన యెన్స్ నీగార్డ్ క్నుడ్‌సెన్ ఈ శ్రేణికి కూడా రూపకర్త. అందులో పెద్దదైన గెలాక్సీ ఎక్స్‌ప్లోరర్ 1979 నాటిది. అందులో 338 ముక్కలుండగా, ఆ జ్ఞాపకంతో 2022లో మళ్లీ చేసిన నౌకలో 1,254 ఉన్నాయి. (మాకు మాత్రం పాతదే ముద్దు, పిల్లవాడు ఒక్క చేత్తో ఎత్తి ఇల్లంతా ఎగరేయగలిగేవాడు.)

పోయిన ముక్కల గురించి బెంగ వద్దు. 1958 నుంచి బిగింపు కొలతలు మారలేదు కనుక, మీ మనవల పెట్టెలోని కొత్త ముక్కలు కూడా వీటికి చక్కగా అతుకుతాయి. దుమ్మును గోరువెచ్చని సబ్బునీటితో, మెత్తని బ్రష్‌తో కడిగి, ఎండలో కాక నీడలోనే ఆరబెట్టండి.