లైబ్రరీ బిల్డ్ అవుతోంది, ఇన్‌స్టాల్ అవుతోంది, బయటి అప్లికేషన్‌కు మాత్రం దొరకట్లేదు. ఎందుకు?

మీ సమస్య నాకు అర్థమైనంతవరకు ఇదీ: లైనక్స్‌లో ఒక సీ++ లైబ్రరీని సీమేక్ అనే బిల్డ్ టూల్‌తో బిల్డ్ చేశారు. బిల్డ్ ఫోల్డర్‌లోని ఎగ్జాంపుల్ ప్రోగ్రాములు చక్కగా నడుస్తున్నాయి. సుడో మేక్ ఇన్‌స్టాల్ కూడా ఎర్రర్ లేకుండా అయిపోయింది. వేరే ప్రాజెక్టులో వాడబోతే 'క్యానాట్ ఓపెన్ షేర్డ్ ఆబ్జెక్ట్ ఫైల్' అంటోంది. లైబ్రరీలను ఎక్కడ వెతకాలో చెప్పే ఎల్‌డీ లైబ్రరీ పాత్ అనే వేరియబుల్‌ను సెట్ చేసుకోమని ఎవరో సలహా ఇచ్చారు. దాంతో ఇవాళ్టికి గండం గట్టెక్కుతుంది. కానీ మీరు ఈ లైబ్రరీని వేరే టీమ్‌కు ఇవ్వాలి కాబట్టి అది చాలదు. నేను కొన్నేళ్లుగా ఒక ఇమేజ్ ప్రాసెసింగ్ లైబ్రరీని చూసుకుంటున్నాను. మా దగ్గరికి వచ్చే కంప్లైంట్లలో చాలావరకు ఇదే బాపతు.

ముందు ఆ ఎగ్జాంపుల్స్ ఎందుకు నడుస్తున్నాయో చూడాలి. బిల్డ్ సమయంలో సీమేక్ ప్రతి ఎగ్జిక్యూటబుల్‌లోనూ లైబ్రరీ ఉన్న బిల్డ్ ఫోల్డర్ పూర్తి చిరునామాను రన్‌పాత్‌గా, అంటే నడిచేటప్పుడు లైబ్రరీని వెతకాల్సిన చోటుగా, రాసిపెడుతుంది. 'రీడ్‌ఎల్ఫ్ -డి' అని కొట్టి ఆ ఎగ్జిక్యూటబుల్ పేరు ఇవ్వండి, రన్‌పాత్ అనే వరుసలో మీ హోమ్ ఫోల్డర్ పేరుతో సహా కనిపిస్తుంది. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు, మీరు వేరేగా చెప్పకపోతే, దాన్ని తీసేస్తుంది. కాబట్టి బిల్డ్ ఫోల్డర్‌లో నడవడాన్ని సాక్ష్యంగా తీసుకోకూడదు. తాళంచెవి ఏ పూలకుండీ కింద ఉందో ఇంట్లోవాళ్లకు తెలుస్తుంది గానీ కొత్తగా అద్దెకు దిగినవాడికి ఎలా తెలుస్తుంది?

అసలు తికమకంతా ఇక్కడుంది. మీ లైబ్రరీని వెతికేవాళ్లు ముగ్గురు, ముగ్గురూ వేర్వేరు చోట్ల వెతుకుతారు. కంపైలర్‌కు హెడర్ ఫైళ్లు కావాలి. మీ కోడ్‌ను లైబ్రరీతో కలిపే లింకర్‌కు వెర్షన్ నంబరు లేని '.ఎస్ఓ' (షేర్డ్ లైబ్రరీ ఫైల్) పేరు కావాలి. ప్రోగ్రాం నడిచేటప్పుడు వచ్చే లోడర్‌కు మాత్రం నంబరుతో ఉన్న పేరు కావాలి. ఉబుంటులో, డేటాను కుదించే జెడ్‌లిబ్ అనే లైబ్రరీనే చూడండి. 'జెడ్‌లిబ్1జీ' ప్యాకేజీలో లోడర్ అడిగే 'లిబ్‌జెడ్.ఎస్ఓ.1' ఉంటుంది. హెడరూ, నంబరు లేని 'లిబ్‌జెడ్.ఎస్ఓ' లింకూ 'డెవ్' ప్యాకేజీలో ఉంటాయి. మామూలు వాడకందారుకు మొదటిది చాలు, కోడ్ రాసేవాళ్లకు రెండూ కావాలి. మీ ఎర్రర్ లోడర్ ఇచ్చింది. అంటే కంపైలర్, లింకర్ ఇద్దరూ తమ పని ముగించుకుని వెళ్లిపోయారు. ఇప్పుడు ఇన్‌క్లూడ్ పాత్‌లు ఎంత మార్చినా లాభం లేదు.

ఉబుంటులో అయితే మందు చిన్నదే: 'సుడో ఎల్‌డీకాన్ఫిగ్'. సీమేక్ డిఫాల్ట్‌గా /యూఎస్ఆర్/లోకల్ కింద ఇన్‌స్టాల్ చేస్తుంది. ఉబుంటు లోడర్ వెతికే జాబితాలో దాని లిబ్ ఫోల్డర్ ఉంది. కానీ లోడర్ ప్రతిసారీ ఆ ఫోల్డర్‌లోకి వెళ్లి చూడదు, ముందే తయారుచేసిన క్యాషే ఫైల్‌ను చూస్తుంది. ఆ క్యాషేను మళ్లీ రాసేది ఎల్‌డీకాన్ఫిగ్. సీమేక్ దాన్ని తనంతట తాను నడపదు. ఫెడోరా, రెడ్‌హ్యాట్ వైపు ఇది చాలదు. అక్కడ లైబ్రరీ 'లిబ్' బదులు 'లిబ్64'లోకి వెళ్లొచ్చు, పైగా ఆ లోకల్ ఫోల్డర్లు మామూలుగా లోడర్ జాబితాలో ఉండవు. /ఈటీసీ/ఎల్‌డీ.ఎస్ఓ.కాన్ఫ్.డీ కింద ఆ పాత్‌తో ఒక చిన్న ఫైల్ పెట్టి, అప్పుడు ఎల్‌డీకాన్ఫిగ్ నడపాలి. 'నా మెషీన్‌లో బానే ఉంది, వాళ్ల సర్వర్‌లో లేదు' అనే గొడవ చాలాసార్లు ఇక్కడే తేలుతుంది.

ఎల్‌డీ లైబ్రరీ పాత్‌ను బాష్ఆర్‌సీలో (టెర్మినల్ తెరిచినప్పుడల్లా నడిచే సెట్టింగుల ఫైల్‌లో) శాశ్వతంగా పెట్టుకోవడం నాకు అస్సలు నచ్చదు. సంబంధం లేని ఇంకో ప్రోగ్రాం కూడా ఆ ఫోల్డర్‌లోని లైబ్రరీనే ఎత్తుకుంటుంది, ఆపై అది ఎందుకు క్రాష్ అవుతోందో తెలియక తలలు పట్టుకుంటాం. సుడోతో నడిపితే ఆ వేరియబుల్ మామూలుగా లోపలికి రాదు కూడా.

ఇక మీ వైపు నుంచి చేయాల్సిన పని. అవతలి టీమ్ తమ సీమేక్ ఫైల్‌లో ఒక్క 'ఫైండ్ ప్యాకేజ్' లైను, ఒక్క 'టార్గెట్ లింక్ లైబ్రరీస్' లైను రాస్తే పనైపోవాలి. దానికి ఇన్‌స్టాల్ కమాండ్‌లో టార్గెట్‌ను (సీమేక్ మీ లైబ్రరీని గుర్తించే పేరును) ఎక్స్‌పోర్ట్ చేసి, పక్కన ఒక కాన్ఫిగ్ ఫైల్ పెట్టాలి. ఇన్‌క్లూడ్ ఫోల్డర్‌ను రెండుగా చెప్పాలి: బిల్డ్ ఇంటర్‌ఫేస్‌కు (మీ దగ్గర బిల్డ్ చేసేటప్పటికి) సోర్స్ ఫోల్డర్, ఇన్‌స్టాల్ ఇంటర్‌ఫేస్‌కు (ఇన్‌స్టాల్ అయ్యాక వాడేవాళ్లకు) ఉత్త 'ఇన్‌క్లూడ్'. సోర్స్ ఫోల్డర్ పాత్‌ను నేరుగా ఇచ్చేస్తే, ఎక్స్‌పోర్ట్ దగ్గర సీమేక్ 'ఈ పాత్ సోర్స్ డైరెక్టరీలోది' అని ఆపేస్తుంది. ఆ ఎర్రర్ చూసి విసుక్కోకండి, అది మేలే చేస్తోంది.

ఇక్కడ తరచూ జారిపోయేవి రెండు. ఒకటి, సీమేక్ పుట్టించే హెడర్లు. ఏ ఫంక్షన్లు బయటికి కనిపించాలో చెప్పే ఎక్స్‌పోర్ట్ మాక్రోలుండే హెడర్ బిల్డ్ ఫోల్డర్‌లో పుడుతుంది. మీ ఇన్‌స్టాల్ రూల్ సోర్స్‌లోని ఇన్‌క్లూడ్ ఫోల్డర్‌ను మాత్రమే కాపీ చేస్తే అది వెనకే ఉండిపోతుంది. రెండోది, మీ లైబ్రరీ ఆధారపడే లైబ్రరీలు. పబ్లిక్‌గా, అంటే మీ లైబ్రరీని వాడేవాళ్లకూ అందేలా, జెడ్‌లిబ్‌కు లింక్ చేస్తే కాన్ఫిగ్ ఫైల్‌లో 'ఫైండ్ డిపెండెన్సీ' లైను ఉండాలి. లేకపోతే అవతలివాళ్లకు జెడ్‌లిబ్ టార్గెట్ దొరకలేదని ఎర్రర్ వస్తుంది, వాళ్లేమో జెడ్‌లిబ్‌ను మళ్లీ మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తూ కూర్చుంటారు. స్టాటిక్ లైబ్రరీ అయితే ప్రైవేట్‌గా లింక్ చేసినా ఈ లైను తప్పదు.

ఇవన్నీ సరిగ్గా కుదిరాయో లేదో నేను చూసే పద్ధతి చెప్తాను. /టీఎంపీ కింద ఒక ఖాళీ ఫోల్డర్‌ను ప్రిఫిక్స్‌గా (ఇన్‌స్టాల్ అవ్వాల్సిన చోటుగా) ఇచ్చి ఇన్‌స్టాల్ చేస్తాను, సుడో అక్కర్లేదు. తర్వాత సోర్స్, బిల్డ్ ఫోల్డర్ల పేర్లు మార్చేస్తాను. ఈ రెండో పనే ముఖ్యం, ఎందుకంటే ఎక్కడైనా పాత పాత్ దాక్కుని ఉంటే అప్పుడే బయటపడుతుంది. ఇంకోచోట పది పన్నెండు లైన్ల మెయిన్ ఫైల్ రాసి, సీమేక్ ప్రిఫిక్స్ పాత్‌కు ఆ ఫోల్డర్‌ను ఇచ్చి బిల్డ్ చేస్తాను. ఆ చిన్న ప్రాజెక్టును కూడా, ఇన్‌స్టాల్ రన్‌పాత్‌గా ఆ /టీఎంపీ ప్రిఫిక్స్‌లోని లైబ్రరీ ఫోల్డర్‌ను ఇచ్చి, ఇన్‌స్టాల్ చేసి నడపాలి. దాని బిల్డ్ ఫోల్డర్‌లోనూ సీమేక్ రన్‌పాత్ రాసే ఉంటుంది కాబట్టి అక్కడ నడిస్తే నమ్మలేం. మా టీమ్‌లో ఇప్పుడు ప్రతి మెర్జ్‌కు ముందు సీఐలో (కోడ్‌ను తనంతట తాను పరీక్షించే వ్యవస్థలో) ఇదే నడుస్తుంది. ఇది పాస్ కాకపోతే మిగతా యూనిట్ టెస్టులన్నీ పచ్చగా ఉన్నా లోపలికి రానివ్వం.

ఎస్ఓ వెర్షన్, అంటే లోడర్ అడిగే పేరు చివరి నంబరు, సంగతి ఇప్పుడే తేల్చుకోండి. పబ్లిక్ హెడర్‌లోని క్లాస్‌కు ఒక్క డేటా మెంబర్ కలిపినా దాని సైజు మారుతుంది. పాత హెడర్‌తో కంపైలైన అప్లికేషన్ కొత్త '.ఎస్ఓ'తో లోడ్ అయితే సూటిగా ఎర్రర్ రాదు, ఎక్కడో సంబంధం లేని చోట పడిపోతుంది. అలాంటి మార్పు చేసినప్పుడు ఎస్ఓ వెర్షన్ నంబరు పెంచితే లోడర్ ఆ రెంటినీ కలపదు. ఫంక్షన్ కొత్తగా చేరిస్తే సాధారణంగా పెంచక్కర్లేదు. వర్చువల్ ఫంక్షన్ అయితే పెంచాల్సిందే అనుకోండి.

పాత ఇన్‌స్టాల్ మిగిలిపోయి అడ్డం పడుతుంటే, బిల్డ్ ఫోల్డర్‌లో 'ఇన్‌స్టాల్ మ్యానిఫెస్ట్' అనే టెక్స్ట్ ఫైల్ ఉంటుంది. ఆఖరుసారి ఏయే ఫైళ్లు ఎక్కడ పెట్టిందో అందులో వరుసగా ఉంటాయి, చూసి తీసేయండి. సీమేక్‌లో అన్‌ఇన్‌స్టాల్ టార్గెట్ దానంతటది రాదు.

ఎల్‌డీకాన్ఫిగ్ తర్వాత కూడా అదే ఎర్రర్ వస్తే, మీ అప్లికేషన్ మీద 'ఎల్‌డీడీ' (ఏ లైబ్రరీ ఎక్కడ దొరికిందో చూపే కమాండ్) అవుట్‌పుట్, 'రీడ్‌ఎల్ఫ్ -డి' అవుట్‌పుట్ రెండూ ఇక్కడ పెట్టండి. ఏ డిస్ట్రో (ఉబుంటు, ఫెడోరా లాంటి లైనక్స్ రకం) వాడుతున్నారో కూడా రాయండి, చూసి చెప్తాను.